మా ఊళ్లో ఆ మీటింగులు లేవు, ఎక్కడికి పోవాలి?

ప్రశ్న: సార్, నమస్తే. నాకు 39 ఏళ్లు. ఆర్మూర్ దగ్గర ట్రాక్టర్ స్పేర్ పార్టుల షాపు నడుపుతాను. పదేళ్లుగా మందు అలవాటు. పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులున్నాను. బయటికొచ్చాక నాలుగు నెలలు ముట్టలేదు. బావమరిది పెళ్లి దావత్‌లో ఒక్క పెగ్గే కదా అని మొదలుపెట్టాను, ఇప్పుడు మళ్లీ రోజూ హాఫ్ దాకా పోతోంది. పొద్దున షట్టర్ తాళం తీయాలంటే చేతులు వణుకుతున్నాయి. ఇంతకుముందు ఒకసారి ఇంట్లోనే ఉండి మానేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. డాక్టర్ గారు ఏఏ (ఆల్కహాలిక్స్ ఎనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల సంఘం) మీటింగులకు పొమ్మన్నారు. మా ఊళ్లో అవి లేవు. హైదరాబాద్‌లో చర్చిల్లో పెడతారట, మేమేమో హిందువులం. నలుగురి ముందు నిలబడి ‘నేను తాగుబోతును’ అని చెప్పుకోవాలట. షాపుకు వచ్చే రైతులకు తెలిస్తే పరువేం కావాలి? ఇంకో సంగతి. నా భార్య ఎవరి దగ్గరో అన్నంలో కలిపే మందు తెప్పించిందని అనుమానంగా ఉంది. ఇంట్లో తినాలంటేనే టెన్షన్. వచ్చే నెల మా అక్క వాళ్ల గృహప్రవేశం, అక్కడ మందు లేకుండా ఉండదు. ఏదైనా దారి చెప్పండి. (పేరు వద్దు, నిజామాబాద్ జిల్లా)

జవాబు: మీటింగుల సంగతి కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపిన మాటలు రెండు: పొద్దున వణుకు, ఇంతకుముందు వచ్చిన ఫిట్స్. ఈ ఉత్తరం చదివి పౌరుషం వచ్చి, ఈ రాత్రి నుంచే బంద్ అని ఒట్టు పెట్టుకోకండి. రోజూ హాఫ్ తాగే శరీరం ఒక్కసారిగా మందు ఆగితే తట్టుకోలేదు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు ఉంటుంది, జ్వరం వస్తుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

అందుకని ముందు ఆసుపత్రి. నిజామాబాద్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, మీకు పాతిక కిలోమీటర్లే. సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కొని, తోడుగా ఒకరిని తీసుకొని వెళ్లండి. ఎంత తాగుతున్నారో సగం తగ్గించి చెప్పకండి (అందరూ చెప్పేది అదే, డాక్టర్లకు అదీ తెలుసు). ఫిట్స్ సంగతి మాత్రం అడగకపోయినా చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మందులిచ్చి, మెల్లగా తగ్గిస్తూ ఆపేస్తారు. వాటితో పాటు బి1 విటమిన్ ఇస్తారు. ఈ మాత్రలే మెడికల్ షాపులో కొనుక్కొని ఇంట్లో సొంత వైద్యం చేసుకుంటే, మందు పోయి మాత్ర అలవాటవుతుంది.

మీరు కల్లు గురించి రాయలేదు. మీ జిల్లా కాబట్టి అడగకుండా ఉండలేను. మందు మానేసి కల్లు దుకాణానికి మారి, ‘ఇప్పుడు తాగట్లేదు’ అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. ఇవన్నీ మత్తు మందులే. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ కల్లు దొరక్కుండా పోయినప్పుడు, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఫిట్స్‌తో, మతి తప్పి వచ్చినవాళ్లతో వార్డులు నిండిపోయాయి. మీరు కల్లు కూడా తాగుతుంటే అది డాక్టర్‌కు చెప్పాల్సిందే. వైద్యం మారుతుంది.

ఇక అన్నంలో కలిపే మందు. ఇది మీ ఇద్దరూ కలిసి చదవండి. మందు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర నిజంగానే ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడ పుడుతుంది, బీపీ పడిపోతుంది. రక్త పరీక్షలు చూసి, రోగికి అన్నీ చెప్పి, అతను సరేనన్నాకే డాక్టర్లు దాన్ని రాస్తారు. తనకు తెలియకుండా అది తిన్న మనిషి సాయంత్రం ఎప్పట్లాగే హాఫ్ ఎత్తితే ఐసీయూకి వెళ్లొచ్చు, ప్రాణమే పోవచ్చు. పేరు లేని పొట్లాల్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. అమ్మా, మీరు విసిగిపోయి తెప్పించి ఉంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆ పొట్లం ఉంటే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి డాక్టర్ చేతిలో పెట్టండి. ఇప్పటికే కలిపి ఉంటే అదీ అక్కడ చెప్పండి, ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. మీరు వెతుకుతున్నది మీటింగ్ పెట్టే చోటు అనుకుంటున్నారు. నన్నడిగితే, సాయంత్రం ఏడింటికి షాపు కట్టేసి బండి స్టార్ట్ చేశాక, బండి తనంతట తనే వైన్స్ వైపు మళ్లుతుందే, ఆ టైంలో మీ ఫోన్ ఎత్తే ఒక మనిషి కావాలి. తాగి, మానేసిన మనిషి. మీ భార్యకూ నాకూ కూడా ఆ పని చేతకాదు. మేం ‘వద్దు’ అంటాం. అతను ‘నాకూ ఇప్పుడే అనిపించింది, ఏం తిన్నావు మధ్యాహ్నం?’ అని అడుగుతాడు.

ఆల్కహాలిక్స్ ఎనానిమస్, అంటే మీ డాక్టర్ గారు చెప్పిన ఏఏ, పుట్టిందే ఇలా. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోనే అక్రన్ అనే ఊరికి వెళ్లాడు. ఆ పని చెడిపోయింది. అప్పటికి మందు మానేసి ఐదు నెలలు. హోటల్ లాబీలో నిలబడితే ఒక పక్క బార్‌లో నవ్వులు, ఇంకో పక్క ఫోన్. ఆ ఊరి చర్చిల పేర్లు చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు, ఇక్కడ నాలాగే తాగుడుతో అవస్థ పడే మనిషి ఎవరైనా ఉన్నారా అని. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జన్. పావుగంట కన్నా ఎక్కువ కూర్చోను అన్న ఆ డాక్టర్ ఆ సాయంత్రం గంటల తరబడి మాట్లాడాడు. జూన్ 10 తర్వాత మళ్లీ తాగలేదు. ఏఏ ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కేసుకుంటుంది. మన దేశంలో 1957లో ఢిల్లీలో మొదలైంది. సభ్యత్వ రుసుం లేదు, ఫారం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, మీరు సభ్యుడే. నిన్న తాగినా సరే.

వెతకడం ఎలా? ముందు మీరున్న సెంటర్‌కే ఫోన్ చేయండి. చాలా సెంటర్లకు ఏఏ సభ్యులు వచ్చి మీటింగ్ పెట్టి వెళ్తుంటారు. అలా వచ్చేవాళ్లలో ఎవరికైనా మీ నంబర్ ఇవ్వమని కౌన్సెలర్‌ను అడగండి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ వారి డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, డబ్బులు పడవు. మనసు బాగా కుంగినప్పుడు, రాత్రి ఏ వేళైనా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేసి తెలుగు ఎంచుకోండి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి వారీగా మీటింగుల పట్టిక ఉంటుంది. ఆ పట్టికను గుడ్డిగా నమ్మి బస్సెక్కకండి, హాలు మారుతుంది, రోజు మారుతుంది. అక్కడున్న నంబర్‌కు ముందు మాట్లాడండి. మాట్లాడేటప్పుడు ‘మీటింగ్ ఉందా’ అని ఊరుకోకుండా, ‘నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు మీకు తెలిసిన సభ్యులెవరైనా ఉన్నారా’ అని అడగండి. గ్రూప్ లేని ఊళ్లో కూడా మానేసి నిశ్శబ్దంగా బతుకుతున్న పాత సభ్యుడు ఒకడు ఉండొచ్చు. వైన్స్ దారిలో ఫోన్ ఎత్తాల్సింది అలాంటివాడే.

మీటింగ్ ఎలా ఉంటుందో తెలియక చాలామంది గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తారు. కాబట్టి చెప్తాను. బడిలోనో, చర్చి వెనక గదిలోనో సాయంత్రం పూట ఓ గంట, గంటన్నర. ప్లాస్టిక్ కుర్చీలు, పేపర్ కప్పుల్లో చాయ్, గోడకు పన్నెండు మెట్ల (మానేసి నిలబడటానికి ఏఏ చెప్పే పన్నెండు అంచెల) బ్యానర్. ఒకరు చదువుతారు, తర్వాత ఒక్కొక్కరే మాట్లాడతారు. ‘నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని’ అంటారు, మిగతావాళ్లు పలకరిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, సలహాలివ్వరు, ‘అట్లెందుకు చేసినవ్’ అనరు. మన ఇళ్లలో ఎప్పుడూ జరగనిది ఇదే. కట్టెలు కొట్టే ఆయన మాట్లాడాక బ్యాంకు మేనేజర్ మాట్లాడతాడు, ఇద్దరిదీ ఒకటే కథ: బాత్రూమ్‌లో దాచిన సీసా. మీ వంతు వస్తే ‘ఈరోజు వింటాను’ అంటే సరిపోతుంది. ‘తాగుబోతును’ అని ఎవరూ మీతో అనిపించరు. చివర్లో ఒక సంచి తిప్పుతారు, పది రూపాయలో ఇరవయ్యో వేసేవాళ్లు వేస్తారు. హాలు అద్దె, చాయ్ ఖర్చు దాంతోనే. కొత్తవాళ్లు వేయనక్కర్లేదు.

అసలు పని మీటింగ్ అయ్యాక ఉంటుంది. చెప్పులు వేసుకొని వెంటనే బయటపడకండి. బయట బైకుల దగ్గర పావుగంట నిలబడతారు చూడండి, అక్కడ నంబర్లు తీసుకోండి. కనీసం ముగ్గురివి. మర్నాడు ఊరికే ఒకరికి ఫోన్ చేయండి, ఏ కష్టమూ లేనప్పుడే. బాగున్నప్పుడు ఒక్కసారీ చేయని నంబర్‌కు, వైన్స్ ముందు బండి ఆపిన రోజున చేయాలంటే వేలు కదలదు. నాలుగైదు మీటింగుల తర్వాత ఒకరి మాట తీరు మీకు నచ్చుతుంది. ఎక్కువ ఏళ్లుగా మానేసి ఉన్న మగమనిషిని చూసుకొని, ‘నాకు స్పాన్సర్‌గా ఉంటారా’ అని అడగండి. స్పాన్సర్ అంటే పన్నెండు మెట్లలో చేయి పట్టుకొని నడిపించేవాడు, డబ్బులిచ్చేవాడు కాదు.

చర్చి విషయానికి వస్తే, చాలాచోట్ల తక్కువ అద్దెకు గది ఇచ్చేది వాళ్లు కాబట్టి అక్కడ జరుగుతాయి. ఏఏ ఏ మతానికీ చెందదు, అక్కడ హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉంటారు. కానీ దేవుడి మాట అసలే రాదని చెప్తే అబద్ధం అవుతుంది. ఈ పద్ధతికి మూలం ఒక క్రైస్తవ బృందంలో ఉంది, పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, చివర్లో చిన్న ప్రార్థన ఉంటుంది. ‘మనం అర్థం చేసుకున్న విధంగా దేవుడు’ అని వాళ్ల పుస్తకంలోనే రాసి ఉంటుంది కాబట్టి మీరు వేములవాడ రాజన్నను తలచుకోవచ్చు, ఎవరినీ తలచుకోకుండా ఉండొచ్చు. గ్రూపునే తమకన్నా పెద్ద శక్తి అనుకునే నాస్తికులూ ఉన్నారు. అదీ పడకపోతే దేవుడి ఊసు లేని స్మార్ట్ రికవరీ అనే పద్ధతి ఉంది. దాని ఆన్‌లైన్ మీటింగులు ఇంగ్లీషులో దొరుకుతాయి, తెలుగులో నడిచేవి వెతికి పట్టుకోవడం కష్టం.

పరువు గురించి ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. పర్మిట్ రూమ్‌లో కూర్చున్నప్పుడు పక్క బల్ల మీద మీ షాపుకొచ్చే రైతే ఉన్నాడు. ఊరికి తెలిసిన సంగతిని మీటింగ్ కొత్తగా బయటపెట్టదు. అయినా భయం భయమే కాబట్టి, మొదట్లో పక్క ఊరి గ్రూపుకు వెళ్లండి. అక్కడ మీకు తెలిసిన ముఖం కనిపించినా, అతనూ అదే పని మీద వచ్చాడు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలన్నది వాళ్ల నియమం. అందరూ అన్నిసార్లూ పాటిస్తారని నేను హామీ ఇవ్వలేను, అందుకే మొదటి రోజే ఇంటిపేరు, షాపు పేరు చెప్పనక్కర్లేదు.

ఏ గ్రూప్ మంచిదో ఎలా తెలుస్తుంది? ఒకే మీటింగ్ చూసి తీర్పు చెప్పకండి. ఒకచోట ముసలివాళ్లే ఉంటారు, ఇంకోచోట ఒకరే గంటసేపు మైకు వదలరు. రెండు మూడు చోట్ల చూడండి. కానీ కొన్ని కనిపిస్తే మాత్రం లేచి వచ్చేయండి. ఎవరైనా ఫీజు అడిగితే అది ఏఏ కాదు. మందు మాన్పించే పొడి అమ్మినా, ఫలానా సెంటర్‌లో చేరమని వెంటపడినా, కమీషన్ వాసన వస్తోందనుకోండి. ‘డాక్టర్ ఇచ్చిన మాత్రలు కూడా మత్తే, ఆపేయ్’ అనేవాడు ఎన్నేళ్ల సీనియర్ అయినా ఆ మాట వినకండి. సభ్యులు డాక్టర్ వేషం వేయకూడదని ఏఏ తన పుస్తకాల్లోనే స్పష్టంగా రాసుకుంది. మీకు ఫిట్స్ చరిత్ర ఉంది కాబట్టి ఇది మీకు మరీ ముఖ్యం.

ఇదంతా పనిచేస్తుందా అంటే, వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మందిని పరిశీలించి ఒక నివేదిక ఇచ్చింది. ఏఏ వైపు పద్ధతిగా నడిపించిన వాళ్లలో పూర్తిగా మానేసి ఉండగలిగినవాళ్లు, ఇతర కౌన్సెలింగ్ పద్ధతుల కన్నా ఎక్కువగానే ఉన్నారని అందులో తేలింది. అందరికీ పడుతుందని కాదు. రెండు మీటింగులకు వచ్చి మాయమయ్యేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అసలు విషాదం వేరే ఉంది: 2019లో ఎయిమ్స్ బృందం కేంద్రానికి ఇచ్చిన సర్వే ప్రకారం, మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందింది ఒక్కరికే. మీరు ఆ ఒక్కరిలో ఉన్నారు. నాలుగు నెలలు మానేసి ఉండగలిగారు కూడా. సెంటర్ నుంచి బయటికొచ్చాక మీ వెనక ఎవరూ లేకపోవడం వల్లే పెళ్లి దావత్ గెలిచింది.

దూరం సంగతికి వస్తే, ప్రతివారం హైదరాబాద్ రావడం మీ వల్ల కాదు, షాపు ఏం కావాలి? కోవిడ్ తర్వాత జూమ్ మీటింగులు బాగా పెరిగాయి. కెమెరా ఆపేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకొని షాపులోనే కూర్చోవచ్చు. మీకు గండం సాయంత్రమే కాబట్టి ఏడు, ఎనిమిది గంటల మధ్య జరిగేది ఎంచుకోండి. పొద్దున మీటింగ్ విని సాయంత్రం వైన్స్‌కు పోతే లాభం లేదు. షట్టర్ సగం దించి, ఫోన్ కౌంటర్ మీద పెట్టుకొని వినండి. అయ్యేసరికి ఆకలేస్తుంది, నేరుగా ఇంటికి వెళ్లి తినండి. కానీ ఆన్‌లైన్ ఒక్కటే చాలదు. తెర మీద పేరు ఆపేసి జారుకోవడం చాలా సులువు. నెలకు ఒకటి రెండుసార్లు సరుకు కోసం హైదరాబాద్ వస్తూనే ఉంటారు కదా, ఆ రోజును మీటింగ్ ఉన్న రోజుకు మార్చుకోండి.

మానేసి కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక, మీ వైపు ఇంకొకరు దొరికితే గ్రూప్ మీరే మొదలుపెట్టొచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి మానుకోవడం కోసం కూర్చుంటే అదే గ్రూప్ అని ఏఏ సంప్రదాయమే చెబుతోంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పుడే మాత్రం వద్దు.

మీ భార్యకు కూడా ఒక చోటు ఉంది. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ అని 1951లో మొదలైన వేరే సంఘం ఉంది, ఆన్‌లైన్‌లోనూ కలుస్తారు. మిమ్మల్ని ఎలా మాన్పించాలో అక్కడ నేర్పరు. మీరు తాగినా మానినా ఆమె ఎలా బతకాలో మాట్లాడుకుంటారు. ఆమె ఒక్కసారి విని చూస్తే బాగుంటుంది.

చివరగా గృహప్రవేశం. వైద్యం మొదలై నెల కూడా కాకముందే మందు దావత్ అంటే నాకు మాత్రం భయమే. పొద్దున పూజకు, పాలు పొంగించేటప్పుడు ఉండండి. సాయంత్రం దావత్‌కు ఉండకండి. అక్కకు ముందే ఫోన్ చేసి నిజం చెప్పండి, సొంత అక్క అర్థం చేసుకుంటుంది. ఉండక తప్పకపోతే మీ బండి మీదే వెళ్లండి, ఎవరి కారులోనో వెళ్తే మధ్యలో లేచి రాలేరు. ఖాళీ కడుపుతో వెళ్లకండి, చేతిలో ఏదో ఒక కూల్‌డ్రింక్ గ్లాసు ఖాళీ కాకుండా చూసుకోండి. బలవంతం చేసేవాళ్లతో ‘మానేశా’ అంటే చర్చ మొదలవుతుంది. ‘ఫిట్స్ మందులు వాడుతున్నా, డాక్టర్ వద్దన్నాడు’ అనండి, అదీ నిజమే. లోపలికి వెళ్లే ముందు ఒకరికి, బయటికొచ్చాక అదే మనిషికి ఫోన్ చేయండి. అప్పటికి మీ ఫోన్లో ఆ నంబర్ ఉండాలి, అందుకే ఈ వారమే మొదలుపెట్టమంటున్నాను.

నిజామాబాద్‌లో మీటింగ్ ఏదైనా దొరికితే ఏ రోజో, ఎన్నింటికో నాకు రాసి పంపండి. మీ జిల్లా నుంచి ఇదే ప్రశ్న అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు చెప్తాను.